మొదటి అయిదు లీటర్లు: కోనసీమ బంకులో తెల్లవారుజాము తరుగు

నేపథ్యం

కోనసీమలో పంటకాలువ గట్టును ఆనుకుని ఉన్న చిన్న పెట్రోలు బంకు ఇది. ఊరు, కంపెనీ, యజమాని వివరాలు రాయడం లేదు. గుర్తుపట్టడానికి వీలున్న ఒకటి రెండు సంగతులు మార్చాం కూడా. మరమ్మతుకు వెళ్ళిన మేము ఈ కేసును రాసి ఉంచడానికి కారణం ఒకటే: రోజూ కొలత పరీక్ష సక్రమంగానే చేస్తున్న బంకులో, ఆ పరీక్ష పద్ధతి చాటునే తరుగు నెలల తరబడి దాగి ఉంది.

బంకులో పెట్రోలు మిషను ఒకటి, డీజిలు మిషను ఒకటి. రెండూ సక్షన్ రకం. అంటే పంపు ట్యాంకులో మునిగి ఉండదు, మిషను పెట్టెలోనే ఉండి భూమిలోని ట్యాంకు నుంచి పైకి లాగుతుంది. పెట్రోలు మిషనులో రెండు నాజిళ్ళు ఉన్నాయి. ఒకటో నంబరు రోడ్డు వైపు, రెండో నంబరు కాలువ వైపు. రెండింటికీ వేర్వేరు పంపులు, వేర్వేరు సక్షన్ పైపులు. ఈ సంగతి తర్వాత బాగా అక్కరకొచ్చింది.

పెట్రోలు నడిచే దారి ముందు చెప్పుకోవాలి. ట్యాంకు మీది మ్యాన్‌హోల్ గదిలో చెక్ వాల్వు ఉంటుంది. పైకి వచ్చిన పెట్రోలు తిరిగి ట్యాంకులోకి జారకుండా ఆపడం దాని పని. అక్కడి నుంచి సక్షన్ పైపు, ఫిల్టరు, పంపు, ఆ తర్వాత ఎయిర్ సెపరేటర్. పెట్రోలుతో కలిసి వచ్చిన గాలినీ ఆవిరినీ సెపరేటర్ విడదీసి, సన్నని వెంట్ గొట్టం ద్వారా బయటకు పంపుతుంది. ఇక మిగిలిన పెట్రోలు మాత్రమే మీటరులోకి వెళ్ళాలి. మీటరులోని పిస్టన్లు కదిలిన మేరకు పల్సర్ అనే భాగం విద్యుత్ పల్సులు పంపితే తెర మీద అంకెలు పడతాయి. చివర్న హోసు, నాజిల్. మీటరుకు పెట్రోలేదో గాలేదో తెలియదు. తన గుండా ఏది వెళ్ళినా లెక్కేస్తుంది. అందుకే దాని ముందు సెపరేటర్ పెట్టారు.

ఇక్కడి కొనుగోలుదారులు రెండు రకాలు. పొద్దున్నే పాల క్యాన్లు కట్టుకుని, కొబ్బరి దింపుడుకూ కూలికీ బయల్దేరి వచ్చే బైకుల వాళ్ళు ‘వంద కొట్టు’ అంటారు. రొయ్యల చెరువుల వాళ్ళు ఏరియేటర్ల జనరేటర్లకు డ్రమ్ముల్లో డీజిలు పట్టుకెళ్తారు. ఒకే తరుగు ఈ ఇద్దరి మీదా ఒకేలా పడదు. ఈ కేసు మొత్తం ఆ తేడా మీదే నడిచింది.

ఫిర్యాదు

‘ఆయ్, రోజూ వంద కొట్టిస్తానండి. ఇక్కడ కొట్టించిన రోజు సాయంత్రానికల్లా రిజర్వులో పడిపోతందండి’ అన్నది ఒక పాల వ్యాపారి మాట. అలాంటివే మరికొన్ని వచ్చాయి. ఒకతను లీటరు నీళ్ళ సీసాలో పోయించి, మూతిదాకా రాలేదని గొడవకు దిగాడు. సీసాలో పెట్రోలు పోయడమే తప్పు, ప్రమాదం కూడా. పైగా లీటరు సీసా అంచుదాకా నింపితే లీటరు కన్నా ఎక్కువే పడుతుంది కనుక, అది కొలతకు పనికిరాదు. అయినా జనంలో మాట పుట్టేసింది, ‘చిప్ పెట్టారు’ అని.

ఆ అనుమానం గాలిలోంచి పుట్టింది కాదు. 2017లో లక్నోలో, 2020లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో పల్సు లెక్కను మార్చే చిప్‌లు పెట్టిన బంకులు పట్టుబడ్డాయి. కాబట్టి అడిగినవాళ్ళ మీద కోపగించుకునే హక్కు ఏ బంకుకూ లేదు, చూపించి తేల్చాల్సిందే.

యజమాని దగ్గర కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. తూనికలు కొలతల శాఖ ముద్ర పడి నాలుగు నెలలే అయింది. ముద్ర ఏడాదికోసారి వేయించాలి. 5 లీటర్లకు 25 మిల్లీలీటర్లు, అంటే అర శాతం తేడా వరకే అనుమతి. రోజూ ఉదయం 5 లీటర్ల కొలపాత్రతో పరీక్ష చేసి రిజిస్టరులో రాస్తున్నారు. ఏ రోజు చూసినా తేడా 10 మి.లీ. దాటలేదు.

ఫిర్యాదులను ముందు ఒక పుస్తకంలో రాయించాం. ఏ నాజిల్, ఎన్ని గంటలకు, ఎంత మొత్తానికి అన్న మూడు సంగతులు చాలు. మూడు వారాల్లో 11 వచ్చాయి. 9 ఉదయం ఏడులోపువే. అన్నీ రెండో నంబరు నాజిల్‌వి, అన్నీ 200 రూపాయల లోపువి. డీజిలు మీద ఒక్కటీ లేదు. ఈ కాగితం చూడగానే చిప్ అనుమానం సగం తగ్గింది, ఎందుకంటే చిప్ మామూలుగా గడియారం చూసి దోచదు. కానీ సగం తగ్గితే చాలదు.

మొదట చేసినవి

చిప్ సంగతి తేల్చడానికి సీళ్ళు చూశాం. పల్సర్, మీటరు సర్దుబాటు చక్రం, టోటలైజర్ (మొత్తం అమ్మకం లెక్క చూపేది), ఈ మూడు చోట్లా తీగ తెగలేదు, సీసపు బిళ్ళ మీది ముద్ర చెరగలేదు. పాత మిషను కనుక మీటరు షాఫ్టుకు తగిలించిన మెకానికల్ టోటలైజర్ కూడా ఉంది. పల్సు లెక్క మార్చి ఉంటే దాని అంకెకూ ఎలక్ట్రానిక్ అంకెకూ రోజు గడిచేసరికి పొంతన పోతుంది. 24 గంటల తేడా చూస్తే పొంతన ఉంది. చిప్ లేదు.

డిప్ రాడ్‌తో (ట్యాంకులో మట్టం కొలిచే గీతల కర్ర) నిల్వ లెక్క చూసినా ఏమీ కనబడలేదు. కనబడదు కూడా. 20 వేల లీటర్ల ట్యాంకులో సగం మట్టం దగ్గర ఒక మిల్లీమీటరు అంటే పది లీటర్ల పైమాటే. రోజుకు ఒకరిద్దరి దగ్గర కొన్ని మి.లీ. చొప్పున మిగిలింది డిప్‌లో ఎలా దొరుకుతుంది? ‘మాకు నిల్వ పెరగడం లేదు, అంటే కొలత సరిగ్గానే ఉంది’ అన్న యజమాని వాదన అందుకే నిలబడదు.

తర్వాత కొలపాత్ర పరీక్ష. పాత్రను సమతలం మీద పెట్టి, లోపల తడిపి, వంచి, ధార తెగాక 30 సెకన్లు కారనిచ్చి, 5 లీటర్లు ప్రీసెట్ చేసి (అంకె ముందే పెట్టి) పట్టాలి. కంటిని మెడ మీది గీత మట్టానికి దించి చదవాలి. పూర్తి వేగంతో మూడుసార్లు పట్టాం: −5, 0, −5 (మి.లీ.లో; మైనస్ అంటే తక్కువ, ప్లస్ అంటే ఎక్కువ). సన్నధారతో పడితే +10. ఈ +10 కూడా అర్థవంతమైనదే. పిస్టన్ సీళ్ళు అరిగిన మీటరులో కొంత పెట్రోలు లెక్కపడకుండానే జారిపోతుంది, సన్నధారలో అది బయటపడుతుంది. అంటే మీటరు అరుగుదల వల్ల నష్టం మామూలుగా బంకుకే, కొనేవాడికి కాదు. ఇక్కడి అరుగుదల కొద్దిపాటిదే. మీటరు దోషి కాదు.

పనికిరానివి

ఈ దశలో యజమాని, ‘ఓ ఇరవై ఎం.ఎల్. పెంచేయండి, గొడవ వదిలిపోద్ది’ అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. అయినా ఒప్పుకోలేదు. సర్దుబాటు చక్రం సీలు తీయడం, తిరిగి ముద్ర వేయించడం శాఖ సమక్షంలో జరగాల్సిన పని అన్నది ఒక కారణం. లెక్క అంతకన్నా పెద్ద కారణం. 5 లీటర్లకు 20 పెంచితే లీటరుకు 4 మి.లీ. పొద్దున్న వందకు కొట్టించుకునే మనిషికి దక్కేది ఆ నాలుగు కూడా కాదు. రోజుకు 2,000 లీటర్లు అమ్మే బంకుకు పోయేది 8 లీటర్లు, లీటరు 110 రూపాయల లెక్కన 880 రూపాయలు. నష్టపోయినవాడికి పరిహారం అందదు, నష్టపోనివాళ్ళందరికీ పంచినట్టవుతుంది. క్యాలిబ్రేషన్, అంటే చక్రం తిప్పి మీటరు కొలత సర్దడం, లీటరుకింత అని పెరిగే తేడాకు మందు. ఒక్కో అమ్మకానికింత అని స్థిరంగా పడే తేడాకు అది పనిచేయదు.

ఫిల్టరు మార్చాం. మూసుకున్న ఫిల్టరు వల్ల పంపు లాగేటప్పుడు ఆవిరి ఎక్కువ పుడుతుందని ఊహ. ధార వేగం పెరిగింది, ఫిర్యాదులు ఆగలేదు. నాజిల్ మార్చాం, అదీ ఫలించలేదు. నాజిల్ మార్చడం అనవసరపు ఖర్చు అని ఇప్పుడు చెప్పగలం. ముందు మూసిన నాజిల్ పరీక్ష చేసి ఉంటే ఆ అవసరమే వచ్చేది కాదు. ఆ పరీక్ష ఇదీ: రాత్రంతా ఆగిన మిషనును నాజిల్ మీట నొక్కకుండా ఆన్ చేసి తెర చూడాలి. మీటరు తర్వాతి భాగంలో, అంటే హోసులోనో నాజిల్‌లోనో, ఖాళీ ఏర్పడి ఉంటే దాన్ని నింపడానికి పెట్రోలు కదిలి అంకె పడిపోతుంది. హోసు కాస్త ఉబ్బడం వల్ల 0.01 లీటరు పడటం మామూలే. ఆలస్యంగా చేసినప్పుడు ఇక్కడ పడింది కూడా అంతే. తేడా మీటరుకు ముందే ఉందని ఆ ఒక్క అంకె చెప్పింది.

దాగిన చోటు

అసలు ప్రశ్న అప్పుడు వేసుకున్నాం. ఫిర్యాదుల్లో ఎక్కువ తెల్లవారుజామువి, రోజువారీ పరీక్ష కూడా తెల్లవారుజామునే. మరి పరీక్షలో ఎందుకు దొరకడం లేదు?

సేల్స్‌మన్ పరీక్ష చేస్తుంటే పక్కన నిలబడి చూడడంతో జవాబు దొరికింది. నియమం ప్రకారం ముందు పాత్ర తడపాలి. అతను రెండో నంబరు నాజిల్‌తోనే 5 లీటర్లు పట్టి, పాత్రను తడిపి, ఆ పెట్రోలు ట్యాంకులో పోశాడు. తర్వాత పట్టిన అయిదు లీటర్లను చదివి రాశాడు. రాత్రంతా ఆగిన మిషను ఇచ్చిన మొట్టమొదటి అయిదు లీటర్లను ఎవరూ ఏ రోజూ చదవలేదు! అతను తప్పు చేయలేదు, నేర్పిన పద్ధతే పాటించాడు. పరీక్ష ఆలస్యమైన రోజుల్లో మాత్రం ఆ మొదటి ధార పాత్రలోకి కాకుండా పాల వ్యాపారి బండిలోకి వెళ్ళింది.

మర్నాడు వరస మార్చాం. పాత్రను ఒకటో నంబరు నాజిల్‌తో తడిపి, కారనిచ్చి, రెండో నంబరు మొదటి ధారను నేరుగా కొలిచాం. −70. వెంటనే రెండోసారి −5, మూడోసారి −5. తర్వాతి రెండు ఉదయాల్లో మొదటి ధార −60, −65. పగలు అరగంట ఆపి పడితే −10, రెండు గంటలు ఆపితే −30. ఆగిన సమయంతో పాటే తరుగు పెరుగుతోంది. ఒకటో నంబరు మొదటి ధార −10 దాటలేదు. ఆ పది మామూలుదే. హోసులో లీటరు పైచిలుకు పెట్రోలు నిలిచి ఉంటుంది, రాత్రి చల్లబడి అది 5 డిగ్రీలు తగ్గితే 5 మి.లీ. దాకా కుంచించుకుపోతుంది.

ఇంకో ప్రశ్న మిగిలింది. ఆ 60 మి.లీ. తరుగు అయిదు లీటర్ల మేరా పరుచుకుని ఉందా, మొదటి లీటరులోనే పోతోందా? నాలుగో ఉదయం ముద్ర ఉన్న 1 లీటరు లోహపు కొలపాత్రలో 1 లీటరు ప్రీసెట్ చేసి పట్టి, గీత దాకా రావడానికి ఎంత తక్కువైందో గీతలున్న కొలజాడీతో పోసి చూశాం. 60 పట్టింది. మొత్తం మొదటి లీటరులోనే పోతోంది. లీటరు 110 రూపాయలుంటే వందకు రావాల్సింది 909 మి.లీ. ఆ మనిషికి దక్కింది 850. నూటికి ఆరున్నర పైన తరుగు, ఆరున్నర రూపాయలు. అదే తరుగు ఓ చెరువు రైతు 200 లీటర్ల డ్రమ్ము మీద పడితే పదివేలకు మూడు వంతులు, ఎవరూ గమనించరు. ఆ రైతుకు దెబ్బ తగిలేది లీటరు లెక్కన పెరిగే తేడాతోనే. అర శాతం అతనికి ఒక పూర్తి లీటరు. వందకు కొట్టించుకునేవాడికి దెబ్బ మొదటి ధారలో ఉంది. కొలత పరీక్ష ఈ ఇద్దరి కోసమూ జరగాలి.

కారణం పట్టుకోవడం

మొదటి ధార పట్టేటప్పుడు నాజిల్ దగ్గరి సైట్ గ్లాసులో (ధార కనిపించే చిన్న అద్దంలో) సన్న బుడగలు కనిపించాయి. పంపు రెండు మూడు సెకన్లు ఉత్తిగా తిరిగిన చప్పుడు వచ్చి, తర్వాత గురగుర శబ్దంతో అందుకుంది. పైపులో పెట్రోలు వెనక్కి జారి, ఆ చోటులో గాలి, ఆవిరి చేరాయని అర్థం. అంటే చెక్ వాల్వు వదులుతోంది. అయితే అది ఒక్కటే చాలదు. వాల్వు వదిలినా సెపరేటర్ ఆ గాలిని బయటకు పంపేయాలి కదా. ధార ఆలస్యం కావాలే తప్ప అంకె పడకూడదు. కాబట్టి రెండో తప్పు కూడా ఎక్కడో ఉండి తీరాలి.

మెయిన్ స్విచ్ ఆపి, ‘అమ్మకం లేదు’ బోర్డు పెట్టి, ఆర్పే సిలిండరు, ఇసుక బకెట్లు దగ్గర ఉంచుకుని పెట్టె తలుపు తీశాం. వెంట్ గొట్టం పెట్టె లోపలే కిందికి వంగి ముగుస్తుంది. దాని మూతి దగ్గర చూపుడువేలి కొసంత మట్టి బిరడా ఉంది. మట్టి గూడు కట్టే కందిరీగ కాలువ గట్టు మీది మెత్తటి ఒండ్రు తెచ్చి, చెమ్మగా ఉండగానే గొట్టం మూతికి అద్ది, పొరలు పొరలుగా మూసింది. గోటితో గీకితే పైపొర రాలింది, లోపలిది గట్టిగా ఉంది. ఒక పక్క సూది బెజ్జమంత సందు మిగిలింది. గాలి కొంత ఆ సందులోంచి పోయింది, మిగతాది మీటరు దారి పట్టింది.

గొట్టాన్ని మిషను మీద ఉండగా ఇనుప తీగతో పొడవకూడదు. నిప్పురవ్వ ఒక ప్రమాదం, మట్టి లోపలికి పడి సెపరేటర్ లోపలి ఫ్లోటు సీటు మీద కూర్చోవడం ఇంకొకటి. యూనియన్ (గొట్టం జాయింటు) విప్పి, గొట్టాన్ని బంకు ఆవరణ బయటికి తీసుకెళ్ళి, నీళ్ళలో నానబెట్టి, ఇత్తడి తీగతో శుభ్రం చేసి, పూర్తిగా ఆరాక బిగించాం. మర్నాడు మొదటి ధార −15. అనుమతిలోకి వచ్చింది. ధార రావడానికి మాత్రం నాలుగైదు సెకన్లు పట్టింది.

యజమాని అక్కడితో ఆపుదామన్నారు. కొనేవాళ్ళకు ఇక నష్టం లేదు కనుక ఆ మాటలో పస ఉంది. కానీ వాల్వును అలాగే వదిలేస్తే రోజూ పంపు పెట్రోలు అందక ఉత్తిగా తిరుగుతుంది, షాఫ్టు సీలు అరుగుతుంది. పైగా ఇంకో కందిరీగ వచ్చిన రోజు తరుగు మళ్ళీ మొదలవుతుంది. ఒక్క వెంట్ గొట్టం మీద కొనేవాడి న్యాయం ఆధారపడటం మాకు నచ్చలేదు.

మ్యాన్‌హోల్ మూత తీస్తే జానెడు వాననీరు. డెల్టాలో వానాకాలం ఇది మామూలే, భూమిలో నీరు అంత పైన ఉంటుంది. నీరంతా తోడి, గుడ్డతో తుడిచి ఆరబెట్టాకే వాల్వు విప్పాలి. ఇప్పుడు పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది. కాస్త నీరు ట్యాంకులో పడినా ఇథనాల్ దాన్ని పట్టుకుని, నీటి మోతాదు మించితే పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు చేరుతుంది. ఆ పొర బండ్లలోకి వెళ్తే ఈ 60 మి.లీ. తరుగు ఏ మూలకూ రాదు. పని అయ్యాక డిప్ రాడ్‌కు నీటిని చూపే పేస్టు రాసి అడుగు చూడాలి. చూశాం, నీరు లేదు.

వాల్వు సీటు మీద గోరంత తుప్పు పెళ్ళ ఇరుక్కుని ఉంది. అది నొక్కుకున్న చోట రబ్బరు బిళ్ళకు గుంట పడింది. పెళ్ళ తీసి సీటు తుడిచి, ఇథనాల్‌కు తట్టుకునే కొత్త బిళ్ళ వేశాం. తర్వాత మూడు ఉదయాలు మొదటి ధార: −10, −5, −10. ధార మీట నొక్కగానే వచ్చింది. గ్లాసులో బుడగ లేదు.

ఈ పనుల్లో దేనికీ మీటరు, పల్సరు సీళ్ళు ముట్టుకోలేదు. అయినా కొలతలన్నీ తేదీలతో కాగితం మీద పెట్టి తూనికలు కొలతల శాఖకూ, కంపెనీకీ తెలియజేయమని యజమానికి చెప్పాం. ఇన్‌స్పెక్టరు వచ్చి తన పాత్రతో చూసి వెళ్ళారు. పాల వ్యాపారిని కూడా పిలిచి, అతని కళ్ళ ముందే మొదటి ధార కొలిచి చూపించారు.

నేర్చుకున్నది, మార్చినది

బంకు రిజిస్టరులో ఇప్పుడు ‘మొదటి ధార’ అని కొత్త గడి ఉంది. వారానికోసారి ఒకటో నంబరుతో పాత్ర తడిపి రెండో నంబరు మొదటి ధారను, మరో వారం అటుది ఇటుగా కొలుస్తారు. ఒకే నాజిల్ ఉన్న చోట ముందు రోజు రాత్రే కొద్ది పెట్రోలు మూత ఉన్న లోహపు క్యానులో పట్టి ఉంచుకుని, దానితో పాత్ర తడపవచ్చు. మొదటి ధారకూ రెండో ధారకూ తేడా 15 మి.లీ. దాటితే ఆ నాజిల్ ఆపి మరమ్మతు మనిషిని పిలవాలి. 25 వరకు ఆగకూడదు. 25 అన్నది ముద్రకు పెట్టిన హద్దు, వాల్వు ఆరోగ్యానికి పెట్టింది కాదు. వెంట్ మూతికి సన్నని ఇత్తడి జల్లెడ బిగించి, నెలవారీ తనిఖీలో చేర్చాం. జల్లెడ మరీ సన్నగా ఉంటే దుమ్ము పట్టి అదే మూసుకుంటుంది. కందిరీగ దూరకపోతే చాలు.

కొనేవాళ్ళకు ఉపయోగపడే మాట కూడా ఉంది. 5 లీటర్ల పాత్రతో కొలిచి చూపమని అడిగే హక్కు మీకుంది, ఖర్చు లేదు. అడిగినప్పుడు పాత్రను వేరే నాజిల్‌తో తడపమనండి, మొదటి ధారను చదవమనండి. వందకు బదులు నూట అయిదుకు కొట్టించుకుంటే మోసం జరగదన్న నమ్మకం మాత్రం వట్టిది. ప్రీసెట్ ఎంతైనా మీటరు లెక్క ఒకటే. పొద్దున్నే కొట్టిస్తే చల్లదనం వల్ల ఎక్కువ వస్తుందన్నదీ అంతే. పెట్రోలు ఒక డిగ్రీ తగ్గితే 5 లీటర్లకు మారేది సుమారు 5 మి.లీ., భూమిలోని ట్యాంకు వేడి పొద్దుటికీ మధ్యాహ్నానికీ పెద్దగా మారదు.

ఆరు నెలల తర్వాత వెళ్ళి చూస్తే రెండో నంబరు మొదటి ధార −10. వెంట్ జల్లెడ అంచు మీద కొత్త మట్టి చుక్క ఒకటి ఆరిపోయి అంటుకుని ఉంది. సేల్స్‌మన్ దాన్ని అప్పటికే చూసి, పుస్తకంలో తేదీ వేసి రాసి ఉంచాడు.